కొండ దాచుకున్న వాన

మహానంది కోనేరు పొంగదు, ఎండదు. అరవై అడుగుల చదరంగా కట్టిన ఆ రాతి గుండంలో నీళ్లు ఏడాది పొడవునా దాదాపు ఒకే మట్టాన, అయిదడుగుల దగ్గర నిలుస్తాయి. ఎంత నీరు లోపలికి వస్తుందో అంత నీరూ బయటికి వెళ్లిపోయేలా తూములు అమర్చారు. కట్టినవాళ్ల పేర్లు అందరికీ తెలియకపోయినా వాళ్ల లెక్క మాత్రం తప్పలేదు. అడుగున పడ్డ నాణెం మీది బొమ్మ కూడా గట్టు మీద నిలబడ్డవాళ్లకు కనిపిస్తుంది.

ఆ నీటి మొదలు గర్భాలయంలో ఉంది. శివలింగం కింది నుంచి ఊరే నీళ్లను భక్తులు చేత్తో తాకుతారు, తీర్థంగా పుచ్చుకుంటారు. అక్కణ్ణుంచి అవి లోపలి కోనేరైన రుద్రగుండంలోకి, తర్వాత ప్రాకారం బయట ఉన్న బ్రహ్మ, విష్ణు గుండాల్లోకి, చివరికి కాలవల్లో పడి పొలాలకు చేరతాయి. గుడి చుట్టూ సుమారు 2000 ఎకరాలు ఈ నీటి మీద సాగవుతాయని చాలాకాలంగా చెప్పుకుంటున్న లెక్క. నంద్యాల నుంచి తూర్పుగా వచ్చే యాత్రికుడికి ముందు కనిపించేది గోపురం కాదు, అరటితోటల పచ్చదనం.

వచ్చినవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణంలో ఓ సీసాలోనో క్యానులోనో ఈ నీళ్లు పట్టుకెళతారు. కొందరికి అది తీర్థం. ఇంకొందరికి ఉప్పదనం లేని, నోటికి హాయిగా ఉండే మంచినీళ్లు. రాయలసీమలో నోటికి హాయైన నీళ్ల విలువ వేరుగా చెప్పక్కర్లేదు. కానీ ఆ సీసాలో పడిన నీరు ఏ ఏటి వాన? ఎక్కడ కురిసింది, ఏ దారిన ఇంత దూరం వచ్చింది? అంత తేటగా ఉన్నది తాగడానికీ అంత మంచిదేనా? ఈ అధ్యాయం ఆ ప్రశ్నల వెంట కొండ ఎక్కుతుంది.

స్థలపురాణం ఈ చోటును ఒక పుట్టతో మొదలుపెడుతుంది. రాజుగారి మందలోని ఆవు ఒకటి రోజూ అడవిలోకి వెళ్లి పుట్ట మీద పాలధార వదిలేదట. రాజు చాటునుంచి చూడబోతే ఆవు బెదిరి, దాని గిట్ట పుట్ట మీద పడింది. అందుకే ఇక్కడి లింగం పైకి పొడుచుకు రాకుండా అణిగి ఉంటుందని, దాని మీద గిట్ట గుర్తు ఉంటుందని భక్తులు చెబుతారు. పక్క ఊరి పేరు కూడా ఆవులను తలపించే గోపవరమే.

ఈ కథలో పుట్ట ఉండటం ఆసక్తికరమైన విషయం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూగర్భ జలాల కోసమే దకార్గళం అనే అధ్యాయం రాశాడు. మనిషి ఒంట్లో నరాల్లా భూమిలో జలసిరలు పారుతుంటాయని, వాటి జాడ పైనున్న చెట్లూ పుట్టలూ చెబుతాయని ఆయన అభిప్రాయం. నేరేడు పక్కన పుట్ట కనబడితే ఏ దిక్కున, ఎన్ని మూరల దూరంలో, ఎంత లోతున నీరు పడుతుందో కూడా లెక్కలిచ్చాడు. ఆ లెక్కలన్నీ నేటి పరీక్షకు నిలబడవు. అయితే చెదపురుగుకు బతకడానికి తడి కావాలి. గూటిలో తేమ ఆరిపోకుండా అది నేల లోపలి నుంచి తడి మట్టిని పైకి మోసుకొస్తుంది. పొడినేలలో పెద్ద పుట్ట ఉందంటే కింద ఎక్కడో చెమ్మ ఉండే అవకాశం ఉందన్న మాటలో తరాల పరిశీలన ఉంది. కొండవాలున పుట్ట దగ్గర నీరు ఊరిందని చెప్పే కథ ఆ పరిశీలనకు దూరమైనదేమీ కాదు.

ఊటనీరు వాననీరేనన్న సంగతి ఇవాళ బడిపిల్లలకూ తెలుసు. మూడున్నర శతాబ్దాల కిందట ఐరోపా పండితులకు అది నమ్మశక్యంగా ఉండేది కాదు. సముద్రపు నీళ్లు నేల కింది సొరంగాల్లోంచి కొండల్లోకి ఎక్కి, దారిలో ఉప్పు వదిలేసి, ఊటలుగా బయటపడతాయని వాళ్లు అనుకునేవారు. వాన అంత నీటికి చాలదని వాళ్ల వాదం. 1674లో పియర్ పెరో అనే ఫ్రెంచివాడు ఊహలు పక్కన పెట్టి కొలతలు తీశాడు. సీన్ నది ఎగువ భాగంలో ఏటా ఎంత వాన పడుతుందో, అదే చోట నదిలో ఎంత నీరు పారుతుందో లెక్కగట్టాడు. నదిలో పారే నీటికి వాననీరు ఆరు రెట్లు తేలింది. నదికీ ఊటలకూ వాన చాలడమే కాదు, మిగులుతుంది కూడా. జలవిజ్ఞానం ఒక శాస్త్రంగా కాళ్లూనింది ఆ లెక్కతోనే.

మహానందికి కూడా అదే లెక్క వేసి చూడవచ్చు. చదరపు కిలోమీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది 10 లక్షల లీటర్లు. ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిసి, అందులో 15 శాతం రాతి పగుళ్లలోకి దిగిందనుకుందాం. చదరపు కిలోమీటరుకు 12 కోట్ల లీటర్లు భూమి లోపలికి చేరినట్టు. సెకనుకు 100 లీటర్లు ఇచ్చే ఊట ఒకటి ఏడాదంతా ఆగకుండా పారితే దానికి 315 కోట్ల లీటర్లు కావాలి. అంటే దాన్ని పోషించడానికి దాదాపు 26 చదరపు కిలోమీటర్ల కొండ కావాలి. గుడి ప్రాకారం ఎకరాల్లో ఉంటుంది. ఊట ప్రాకారం మాత్రం కొండల మీద, అడవిలో, యాత్రికుడు ఎప్పుడూ అడుగుపెట్టని చోట ఉంటుంది.

ఇక 2000 ఎకరాల సంగతి. అరటికి రోజుకు 5 మిల్లీమీటర్ల తడి అవసరమనుకుంటే ఎకరాకు సుమారు 20 వేల లీటర్లు పడతాయి. ఆ ఆయకట్టు మొత్తం నడివేసవిలో ఒక్క ఊట మీదే బతకాలంటే సెకనుకు 460 లీటర్లకు పైగా రావాలి. అమెరికన్ జలశాస్త్రవేత్త ఆస్కార్ మైన్‌జర్ 1923లో ఊటలను పారే పరిమాణాన్ని బట్టి ఎనిమిది తరగతులు చేశాడు. ఆయన పట్టికలో సెకనుకు 283 లీటర్లు దాటితే రెండో తరగతి. వానలు తీర్చే వాటా ఎంత తీసేసినా, ఇంత ఆయకట్టును నిలబెట్టే ఊట చిన్నదని ఎవరూ అనలేరు.

ఆ నీటిని దాచిన గిడ్డంగి నల్లమల. నంద్యాల సముద్రమట్టానికి 200 మీటర్ల చిలుకు ఎత్తులో ఉంది. తూర్పున నల్లమల శిఖరాలు కొన్ని 900 మీటర్ల దాకా లేస్తాయి. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతపు రాళ్లను నడిచి చూసి, కడప, కర్నూలు శిలావ్యవస్థల మీద 1872లో పెద్ద గ్రంథమే వెలువరించాడు. నల్లమల కొండలు వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఇసుక, బురద పొరలు. ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది, బురద పలకరాయి అయింది. తర్వాత భూమి పక్కలనుంచి నొక్కడంతో ఆ పొరలు ముడతలు పడి, పగిలి, మొత్తంగా పడమటికి తోసుకొచ్చాయి. తోపిడి ఆగిన అంచు ఇంచుమించు నేటి కొండల పడమటి పాదం. దాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు రుద్రవరం రేఖ అంటారు. ఆళ్లగడ్డ వైపు ఉన్న రుద్రవరం పేరే దానికి పెట్టారు.

రేఖకు పడమట కుందూ లోయ. ఆ మైదానం కింద బురద గట్టిపడి ఏర్పడిన నంద్యాల షేలు, కోయిలకుంట్ల సున్నపురాయి, నార్జి సున్నపురాయి పొరలు పరుచుకుని ఉన్నాయి. ఈ పేర్లన్నీ ఊళ్ల నుంచే పుట్టాయి. ప్రపంచంలో ఏ మూల భూగర్భ శాస్త్ర విద్యార్థి కడప బేసిన్ గురించి చదివినా ఈ ఊళ్ల పేర్లు పలకాల్సిందే.

ఈ అమరికలో నీటి దారి ఇలా ఉంటుంది. కొండ మీద కురిసిన వాన ఆకుల మెత్త కింద మట్టిలోకి ఇంకుతుంది. క్వార్ట్‌జైట్ గట్టి రాయి, దాని గింజల మధ్య నీటికి చోటు లేదు. కానీ అది పెళుసు. ముడతలు పడ్డప్పుడు నిలువునా అడ్డంగా పగిలిపోయింది. ఆ బీటల్లోంచి నీరు లోతుకు దిగుతుంది. వెనక ఇంకా నీరు దిగుతూ నెట్టడంతో పల్లానికి కదులుతుంది. కొండపాదం దగ్గర దారి మూసుకుపోతుంది. ఎదురుగా నీటిని చొరనివ్వని షేలు. వెనక్కి పోలేదు, ముందుకూ పోలేదు. మిగిలింది తోపిడి పగులు వెంట పైకి ఎగదన్నడం. మహానందిలో రాతి సందుల్లోంచి ఉబికే నీరు అలా వచ్చినదే. ఈ కొండల అంచునే ఊటలు, వంకలు, వాటి పక్కన పాత శివాలయాలు వరుసగా కనిపించడం యాదృచ్ఛికం కాదు. నవనందులనే తొమ్మిది శివక్షేత్రాలు మహానందికి పదిహేను కిలోమీటర్ల పరిధిలోనే ఉన్నాయి. బండి ఆత్మకూరు వైపు ఓంకారం, ఆళ్లగడ్డ మీదుగా వెళితే భవనాశి పారే అహోబిలం, అన్నీ ఈ కొండల నీడలోనివే.

వాన నాలుగు నెలలే కదా, ఊట పన్నెండు నెలలు ఎలా పారుతుంది? శివాలయంలోనే దీనికి పోలిక ఉంది. లింగం పైన వేలాడదీసే ధారాపాత్రలో పొద్దున్నే ఒకసారి నీళ్లు పోస్తే, అడుగునున్న సన్నని చిల్లు గుండా గంటల తరబడి బొట్లు రాలుతూనే ఉంటాయి. నిండుగా ఉన్నప్పుడు ధార వడిగా, తగ్గేకొద్దీ నెమ్మదిగా. పాత్ర ఎంత పెద్దదైతే, చిల్లు ఎంత సన్ననిదైతే ధార అంత ఎక్కువసేపు నిలుస్తుంది. ఊటలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని, వాన ఆగిపోయాక ప్రవాహం ఏ తీరున తగ్గుతుందో గణితంలో రాయవచ్చని 1905లో ఎడ్మండ్ మైయే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చూపించాడు. ప్రవాహం నిదానంగా తగ్గే ఊట వెనక గిడ్డంగి పెద్దదని అర్థం. వాన వెలిసిన పది రోజులకే ఎండే ఊటకు గిడ్డంగి లేదు, ఉన్నది గుప్పెడు మట్టి మాత్రమే.

నీటి వయసు కూడా చెప్పే పద్ధతులున్నాయి. 1950లలో, 60లలో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలోకి చేరిన ట్రిటియం వానలో కలిసి భూమిలోకి దిగింది. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు. ఊటనీటిలో ట్రిటియం ఎంత మిగిలిందో కొలిస్తే ఆ నీరు అణుయుగానికి ముందు కురిసిందా, తర్వాత కురిసిందా అనేది తేలుతుంది. ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి ఆ వాన ఎంత ఎత్తున పడిందో చెబుతుంది. ఒక చెంబుడు నీళ్లు చాలు, ప్రయోగశాల వాటి పుట్టినచోటూ పుట్టిన కాలమూ అంచనా వేస్తుంది.

మహానంది నీళ్ల గురించి అందరూ చెప్పే వింత ఒకటుంది. తెల్లవారుజామున గోరువెచ్చగా ఉంటాయి, పొద్దెక్కేకొద్దీ చల్లబడతాయి. చలికాలంలో వెచ్చన, ఎండాకాలంలో చల్లన. అనుభవం నిజమే, వేలమంది సాక్షులున్నారు. కానీ థర్మామీటరు ముంచితే మారుతున్నది నీరు కాదని తెలుస్తుంది. నేల లోతుల్లోంచి వచ్చే నీటి వేడి రోజులతో, రుతువులతో పెద్దగా మారదు. ఇక్కడ అది సుమారు ముప్పై డిగ్రీల దగ్గర ఉంటుంది. డిసెంబరు తెల్లవారుజామున నంద్యాల గాలి ఇరవైకి దిగువన ఉంటుంది, మే మధ్యాహ్నం నలభై దాటుతుంది. ఒకే నీరు చలికి బిగుసుకున్న ఒంటికి వెచ్చగా తగులుతుంది, ఎండన పడి వచ్చిన ఒంటికి చల్లగా తగులుతుంది. జాన్ లాక్ 1690లో ఇదే సంగతి చెప్పాడు: ఒక చెయ్యి వేడిగా, ఒక చెయ్యి చల్లగా ఉన్నప్పుడు రెంటినీ ఒకే నీటిలో పెడితే ఒకదానికి చల్లన, ఇంకోదానికి వెచ్చన. మన చర్మం వేడిని కొలవదు, వేడి ఎటు పారుతోందో మాత్రం పసిగడుతుంది. యాత్రికులు ఎవరైనా ఇంట్లో మూడు గిన్నెలతో ఈ ప్రయోగం చేసి చూడవచ్చు.

నీటి వేడి ఇంకో సంగతి కూడా చెబుతుంది. భూమి లోపలికి కిలోమీటరు దిగితే మామూలుగా 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. ఊటనీరు ఆ చోటి సగటు గాలి కంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉందంటే అది పైపైన తిరిగి వచ్చింది కాదు, వందల మీటర్ల లోతు చూసి వచ్చింది. కర్నూలు ప్రాంతంలో ఉద్యోగం చేసిన న్యూబోల్డ్ అనే సైనికాధికారి భారతదేశంలో, ఈజిప్టులో ఊటలు, బావులు, నదుల నీటి వేడిని కొలిచి 1845లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. థర్మామీటరు ఒక్కటి చేతిలో ఉంటే కొండ కడుపు ఎంత లోతో ఊహించవచ్చని ఆ తరానికి తెలుసు.

ఇప్పుడు సీసాలో నీళ్ల మాట.

మహానంది నీరు అంత తేటగా ఉండటానికి మూడు కారణాలు. పగుళ్లలో మెల్లగా కదిలేటప్పుడు మట్టి రేణువులు మధ్యలోనే ఆగిపోతాయి. క్వార్ట్‌జైట్ నీటిలో కరగని రాయి కాబట్టి సున్నం, ఉప్పు పెద్దగా చేరవు. గుండంలో నీరు నిలవ ఉండదు కాబట్టి పాచి పట్టే వ్యవధి తక్కువ. ఇదే కుందూ అవతల సున్నపురాళ్లలో తిరిగిన నీరైతే కఠినజలమవుతుంది, గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలను కిలోమీటర్ల పొడవున తొలిచింది సున్నపురాతిని కరిగించుకుంటూ పోయిన అలాంటి నీరే.

అయితే తేటదనం కంటికి సంబంధించినది. రోగాన్ని తెచ్చేది కంటికి ఆనదు. గ్లాసుడు నీళ్లలో లక్షల బాక్టీరియా ఉన్నా ఆ నీళ్లు అద్దంలా మెరవగలవు. భారత ప్రమాణం ఐఎస్ 10500 తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు, నైట్రేట్ 45 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది. మలంతో వచ్చే ఇ.కోలై మాత్రం 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. లవణాలకు, ఫ్లోరైడ్‌కు కొంత మినహాయింపు ఉంది గానీ దీనికి లేదు. పగుళ్ల రాయిలో ఒక చిక్కుంది. ఇసుక పొర బాక్టీరియాను వడకట్టినంత బాగా వెడల్పాటి బీట వడకట్టలేదు. ఊటకు ఎగువన, దగ్గరలో మరుగుదొడ్డి గుంతో పశువుల దొడ్డో ఉంటే పెద్దవాన పడిన మరునాడే దాని జాడ నీటిలో కనిపించవచ్చు.

అందుకే ఎక్కడ పట్టుకుంటున్నామన్నది ముఖ్యం. ఊట బయటపడే చోట నీరు ఒక రకం, వందలమంది మునిగిలేచిన గుండంలో నీరు ఇంకో రకం. నీటి మట్టం, రంగు ఒకటే అయినా రెంటినీ ఒక్కటనుకోకూడదు. తాగడానికి పట్టేవాళ్లు స్నానాల గుండాలకు ఎగువన, ధార పడేచోట పట్టాలి. చేతులు ముంచకుండా పట్టాలి, మూత బిగించాలి. క్యాను లోపల పాత పాచి ఉంటే ఏ పుణ్యనది నీరైనా రెండు రోజుల్లో వాసన వేస్తుంది. ఇంటికి చేరాక తెర్లేదాకా కాచి ఒక నిమిషం ఉంచితే రోగకారక బాక్టీరియా, వైరస్‌లు చచ్చిపోతాయి. పసిపిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు ఇచ్చేటప్పుడు ఈ ఒక్క నిమిషం విషయంలో మొహమాటం వద్దు. భక్తికీ దీనికీ పేచీ లేదు.

రాగిచెంబు గురించి కూడా చెప్పాలి. బెంగళూరు పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగంలో కలరా, విరేచనాలు తెచ్చే బాక్టీరియాను నీటిలో కావాలని కలిపి రాగిపాత్రల్లో 16 గంటలు ఉంచారు. తర్వాత చూస్తే పెంచడానికి వీలైన బాక్టీరియా దొరకలేదు. నీటిలో కరిగిన రాగి అనుమతించిన హద్దు లోపలే ఉంది. తీర్థం రాగిచెంబులో ఉంచే ఆచారానికి ఇది మంచి ఆధారం. ఒక షరతు మాత్రం మరవకూడదు. రాత్రంతా ఉంచాలి, అప్పటికప్పుడు పోసి ఇస్తే ఆ గుణం పనిచేయదు.

నీటిని పరీక్షించడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేని పద్ధతి ఒకటి మనదేశంలోనే పుట్టింది. 1982లో కె.ఎస్. మంజా, ఆయన సహచరులు రూపొందించిన చిన్న సీసా పరీక్ష అది. లోపల పోషక ద్రవ్యం పీల్చిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లు పోసి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీరైతే నల్లబడుతుంది. పదో తరగతి పిల్లలు కూడా చేయగల పని. ప్రతి నెలా, ముఖ్యంగా తొలకరి తర్వాతా శివరాత్రి జనసమ్మర్దం తర్వాతా, ఊట దగ్గర ఒకటి, గుండంలో ఒకటి పెట్టి చూసుకోవచ్చు.

ఊటనీళ్లు ముంచుకుని బతికేవాళ్లకు ఇదంతా యాత్రా విశేషం కాదు, దినచర్య. నల్లమల లోపల పెంటలనే చెంచు గూడేల్లో ఆడవాళ్లు వంక ఇసుకలో చెలమ తీసి, నీరు తేరేదాకా ఆగి, చిప్పతో ఒడిసి కడవలో పోసుకుంటారు. గాజులపల్లె దాటి కొండల్లోకి వెళ్లే రైలు దారిలో ఒక స్టేషన్ పేరే చెలమ. వేసవి ముదిరేకొద్దీ చెలమ లోతు పెరుగుతుంది, కడవ నిండే సమయం పెరుగుతుంది. విశాఖ మన్యంలో ఈ కష్టాన్ని తీర్చడానికి నర్సీపట్నం కేంద్రంగా పనిచేసే విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి చేసిన పని చూడదగ్గది. కొండవాలున ఊట బయటపడే చోట మూత ఉన్న సిమెంటు తొట్టి కట్టి, గులకరాళ్లతో వడపోత వేసి, పైపు ద్వారా కిందున్న ఊరి కుళాయిలకు తెచ్చారు. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, నీరు తన బరువుతో తానే దిగుతుంది. తొట్టికి ఎగువన వాననీరు పక్కకు పోయేలా కాలవ, పశువులు రాకుండా కంచె. పుణెలోని ఆక్వాడాం సంస్థ భూజల నిపుణులు తోడయ్యారు. వాళ్లు మొదట చూసేది ఊటను కాదు, రాతిపొర ఎటు వాలి ఉందో. పొర వాలును బట్టి ఒక్కోసారి ఊటకు నీరిచ్చే నేల కొండకు అవతలి పక్కన ఉంటుంది. కందకాలు ఇవతల తవ్వితే కూలి డబ్బులు దండగ.

సిక్కింలో 2008లో మొదలైన ధారా వికాస్ పథకం ఇదే దారిలో నడిచి, ఎండిపోతున్న ఊటలను కొన్నిటిని మళ్లీ పారించింది. హిమాలయ ఊటల్లో దాదాపు సగం ఎండిపోతున్నాయో, తగ్గిపోతున్నాయో అని 2018లో నీతి ఆయోగ్ నివేదిక హెచ్చరించింది. ఆ చర్చలో దక్షిణాది పేరు పెద్దగా వినబడదు. కానీ మనం పోగొట్టుకున్నవీ తక్కువేం కాదు. అనంతపురం ప్రాంతంలో పెన్నా, చిత్రావతి ఇసుకల్లోంచి నీటిని వాలుకు తెచ్చి పొలాలకు పారించిన ఊట కాలవలు, తలపరిగెలు ఒకనాడు ఊరూరా ఉండేవి. బోర్లు లోతుకు దిగేకొద్దీ అవి ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఎవరూ వాటిని పూడ్చలేదు. కింద నీటిమట్టం తూము అంచుకు దిగువకు పోయింది, అంతే.

ఊట బలహీనత ఇక్కడే ఉంది. అది భూగర్భ గిడ్డంగి పొర్లిపోయే అంచు. గిడ్డంగిలో నీరు అంచుకు ఒక మూర తగ్గినా చాలు, లోపల ఎంత నీరున్నా ఊట నిలిచిపోతుంది. అమెరికాలో టెక్సాస్‌లోని కోమల్ ఊటలు ఆ రాష్ట్రంలోకెల్లా పెద్దవి. 1956 కరువులో, బావుల తోడకం కూడా తోడై, అవి నెలల తరబడి పూర్తిగా ఆగిపోయాయి. మన రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి, బోరు తవ్వకూడదంటుంది. బావులకు, రక్షిత నీటి పథకాలకు గీసిన ఈ గీతను ఊటల చుట్టూ కూడా గట్టిగా గీయాలి. పగుళ్ల వెంట నడిచే నీటికి 250 మీటర్లు చాలకపోవచ్చు కూడా. తోపిడి రేఖ మీద కిలోమీటరు దూరంలో వేసిన లోతు బోరు సైతం అదే పగులులోంచి తోడవచ్చు.

కొండ వైపు మాత్రం మహానందికి ఒక అదృష్టం ఉంది. ఇక్కడి నల్లమల అడవి గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంలో, నాగార్జునసాగర్-శ్రీశైలం పెద్దపులుల అడవుల్లో భాగం. అడవి నీటిని పుట్టించదు, చెట్లు కూడా నీరు తాగుతాయి. కానీ ఆకుమెత్త, వేళ్లు, పురుగుల బొరియలు కలిసి జడివానను నేల మీద పరుగెత్తనివ్వకుండా ఆపుతాయి. అదే కొండ ఏటా కార్చిచ్చుకు కాలి బోడిగా మారితే అంతే వాన వంకల్లో ఎర్రగా పొర్లిపోయి కుందూలో, తర్వాత పెన్నాలో కలుస్తుంది. పులి కోసం కాపాడిన అడవి అరటిరైతుకు నీళ్లిస్తోంది. నంద్యాలలో ఈ రెండు విషయాలను కలిపి మాట్లాడేవాళ్లు ఇంకా పెరగాలి.

ఇంత ఊటకు రోజువారీ కొలత పెట్టడం పెద్ద ఖర్చు కూడా కాదు. కోనేటి నీరు బయటికి పోయే కాలవలో తొంభై డిగ్రీల కోణంతో వి ఆకారపు గాడి కోసిన ఇనుప రేకు ఒకటి నిలబెడితే చాలు. గాడి అడుగు నుంచి నీరు 10 సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు దాదాపు 4.4 లీటర్లు, 20 సెంటీమీటర్లయితే 25 లీటర్లు, 30 అయితే 68. ప్రవాహం అంతకంటే పెద్దదైతే వెడల్పాటి చదరపు గాడి పెడతారు. పక్కన ఒక స్కేలు, ఒక థర్మామీటరు, ఒక నోటు పుస్తకం. మహానందిలోనే వ్యవసాయ కళాశాల ఉంది, ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. నంద్యాలలో 1906 నాటి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. వానను కొలవడం తెలిసినవాళ్లకు ఊటను కొలవడం బరువు కాదు. నల్లమల వానకూ కోనేటి ప్రవాహానికీ మధ్య ఎన్ని వారాలు, ఎన్ని నెలల ఎడం ఉందో ఐదారేళ్ల పుస్తకం చెబుతుంది. ఆ ఎడం తెలిస్తే వానలు తప్పిన ఏడాది ఊట ఎప్పుడు సన్నగిల్లుతుందో ముందే అంచనా కట్టి, గుండాలకు ఎంత, అరటికి ఎంత, తాగునీటికి ఎంత అని ఆయకట్టు రైతులూ దేవస్థానమూ కార్తీకంలోనే కూర్చుని మాట్లాడుకోవచ్చు.